పాత వంతెన

నా బీరువా అడుగున ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. అట్ట ఊడిపోయి చాలాకాలమైంది. మొదటి పేజీలో, పన్నెండేళ్ళప్పటి నా గుండ్రటి అక్షరాల్లో, "సేడా నీన్ నుంచి బాల్మోరాకి" అని రాసి కింద రెండు గీతలు కొట్టి ఉంటుంది. ఆ ఊళ్ళు ఏ దేశపటంలోనూ లేవు. అయినా ఆ రెండిటి మధ్య దారి ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పమన్నా చెప్పగలను.

ఎల్డర్ స్క్రోల్స్ అనే కంప్యూటర్ గేముల సిరీస్‌లో ఆరో గేమ్ ఎప్పుడొస్తుంది, ఎలా ఉంటుంది, ఎలా ఉండాలి అని ఎవరు మాట మొదలుపెట్టినా నాకు ముందు ఆ పుస్తకమే గుర్తొస్తుంది. కొందరికి డ్రాగన్లు గుర్తొస్తాయి, కొందరికి ఆ పాట గుర్తొస్తుంది. నాకు ఇంకు మరకలు, కొట్టివేతలు, మార్జిన్‌లో గీసిన బాణం గుర్తులు గుర్తొస్తాయి.

ఆ సిరీస్‌లో మూడో గేమ్ మారోవిండ్ 2002లో వచ్చింది. మా ఇంటికి వచ్చింది ఆ మరుసటి ఏడు, అన్నయ్య స్నేహితుడి చేతి మీదుగా, డబ్బాతో సహా. డబ్బాలో మడతలు పెట్టిన కాగితం మ్యాప్ ఉంది. అన్నయ్యకి అప్పుడు పదిహేడేళ్ళు. కంప్యూటర్ ముందు కుర్చీ వాడిది, పక్కన స్టూలు నాది. మౌస్ వాడి చేతిలో, పెన్ను నా చేతిలో. ఈ పంపకం ఎవరూ చెయ్యలేదు, మొదటిరోజే అలా కుదిరిపోయింది.

పెన్ను ఎందుకంటే, ఆ గేమ్‌లో దారి మాటల్లో చెప్పేవారు. తెర మీద బాణం గుర్తు ఉండదు. "ఇక్కడికి వెళ్ళు" అని మెరిసే చుక్క ఉండదు. మనుషుల్ని అడగాలి. వాళ్ళు చెప్తారు: ఊరికి దక్షిణంగా వెళ్ళు, ఏరు దాటు, ఫలానా కోట పక్కనుంచి పో, లోయ కనిపిస్తుంది, అక్కడ వంతెన ఉంటుంది అని. చెప్పిందంతా గేమ్‌లోని డైరీలో చేరుతుంది నిజమే. కానీ మా దగ్గరున్న తొలి వెర్షన్‌లో ఆ డైరీ తేదీల వరుసలో సాగిపోయేదే తప్ప, ఏ పని దానికి విడిగా ఉండేది కాదు. నాలుగు రోజుల కిందట ఎవరో చెప్పిన దారి కావాలంటే ఇరవై పేజీలు వెనక్కి తిప్పాలి. పనులవారీగా చూసుకునే వీలు ట్రిబ్యునల్ అనే ఎక్స్‌పాన్షన్‌తో, అంటే గేమ్‌కి తర్వాత చేర్చిన అదనపు భాగంతో వచ్చింది. అది మాకు చాలా ఆలస్యంగా దొరికింది. అప్పటిదాకా మా డైరీ నేనే.

అన్నయ్య తెర మీది ఇంగ్లీషు చదివి, అర్థం కాని మాటకి డిక్షనరీ తిప్పి, తెలుగులో చెప్పేవాడు. నేను రాసుకునేదాన్ని. అందుకే వార్డెన్‌ఫెల్ అనే ఆ ద్వీపం నాకు మొదటినుంచీ తెలుగులోనే పరిచయం. సిల్ట్ స్ట్రైడర్‌ని నేను "పెద్ద పురుగు బండి" అని రాసుకున్నాను. ఇల్లంత ఎత్తు కాళ్ళ మీద నడిచే పురుగు అది, దాని వీపు డొల్లలో జనం కూర్చుని ఊరూరూ వెళ్తారు. సేడా నీన్ దాటగానే, పొగమంచులోంచి వినిపించే దాని మూలుగు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అదే దారిలో కాస్త ముందుకెళ్తే ఆకాశంలోంచి ఒక మంత్రగాడు అరుస్తూ వచ్చి మన ముందు పడి చచ్చిపోతాడు. వాడి దగ్గర మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి, ఒకటి చదివి గెంతితే మేఘాల్లోకి ఎగురుతాం. ఎగరడం గురించే రాసుకున్న ఆ మహానుభావుడు దిగడం గురించి ఆలోచించలేదు. మేం కూడా వాడిలాగే ఎగిరి వాడిలాగే పడ్డాం. ఆ రాత్రి నేను పుస్తకంలో "మూడు పత్రాల్లో ఒకటి దిగేముందు చదవాలి" అని రాశాను. దాని పక్కన అన్నయ్య టిక్కు పెట్టాడు.

ఇక్కడ ఆర్క్‌న్‌తాండ్ గురించి చెప్పాలి. ఆ గేమ్ ఆడినవాళ్ళలో ఆ పేరు వింటే నిట్టూర్చని వాళ్ళు తక్కువ.

బాల్మోరాలో కేయస్ కొసాడెస్ అనే పెద్దాయన ఉంటాడు, చిన్న గదిలో, ఒంటి మీద చొక్కా లేకుండా. ఆ ద్వీపంలో చక్రవర్తి గూఢచారులకి పెద్ద ఆయనే. ఆయన మనల్ని ఫైటర్స్ గిల్డ్ అనే యోధుల సంఘంలో ఒకాయన దగ్గరికి పంపుతాడు. ఆ గిల్డ్ ఆయన, నీకు సమాచారం ఇస్తాను కానీ ముందు నాకొక పని చేసిపెట్టు అంటాడు. ఎప్పుడో అంతరించిపోయిన ద్వేమర్ జాతి కట్టడం ఒకటి ఉంది, అదే ఆర్క్‌న్‌తాండ్, అందులోంచి ఒక చిన్న పజిల్ పెట్టె తీసుకురావాలి. దారి చెప్తాడు. ఊళ్ళోంచి దక్షిణంగా బయటపడి, ఓడై నది దాటి, ఒకప్పుడు లావా పారి ఎండిపోయిన ఫొయాడా అనే లోయ దగ్గరికి వెళ్ళి, దాని మీదున్న పాత ద్వేమర్ వంతెన దాటాలి. తలుపు మామూలుగా తెరుచుకోదు, దగ్గర్లో గొట్టానికి బిగించిన మర తిప్పాలి.

అన్నయ్య చదివాడు. నేను రాశాను. నా పుస్తకంలో మూడో వరుస ఇలా ఉంది: "వంతెన దాటాలి."

అంతే. "పాత" అన్న మాట, "ద్వేమర్" అన్న మాట, రెండూ వదిలేశాను. బాల్మోరా ఊరి మధ్యనుంచే నది పారుతుంది, దాని మీద వంతెనలున్నాయి. అన్నయ్యకి చదివింది గుర్తులేదు, నా వరుస మీద నమ్మకం. మేం ఊరి వంతెన దాటి, నది వెంబడి పైకీ కిందికీ తిరిగాం. నాలుగు సాయంత్రాలు. ఏ కొండ పక్కన చూసినా మర లేదు, తలుపు లేదు. పైనుంచి క్లిఫ్ రేసర్లు, అవి రెక్కలున్న పీడ, ఒకదాన్ని చంపేలోపు మరొకటి. కానీ ఆ నాలుగు సాయంత్రాల్లో మాకు ఒక సమాధి దొరికింది, దొంగ సరుకు దాచుకునే గుహ ఒకటి దొరికింది, దారి తప్పిన ప్రయాణికుడు ఒకడు ఎదురై మమ్మల్నే దారి అడిగాడు. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఎవరూ మమ్మల్ని వాటి దగ్గరికి పంపలేదు.

ఐదో రోజు అన్నయ్య గేమ్ డైరీ మొదటినుంచీ తిరగేసి, అసలు వాక్యం కనిపెట్టి, నన్ను ఒక్క మాట అనకుండా నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఎర్ర పెన్నుతో "వంతెన" పైన చిన్న కొక్కెం వేసి "పాత" అని రాశాడు. నాకు ఏడుపొచ్చింది. వాడు గమనించనట్టు, "పద, వెలుతురు ఉండగానే వెళ్దాం" అన్నాడు, గేమ్‌లోని పొద్దు చూసి.

పెట్టె ఎక్కడుందో వెతకడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. లోపలెక్కడో ఒక అర మీద పెట్టి ఉంటుంది, అరచేతిలో పట్టేంత. ప్రపంచం నలుమూలలా ఎంతమంది దాని పక్కనుంచే చూడకుండా నడిచి వెళ్ళారో తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్నాను. అది దొరికిన రోజు మేం అరిచిన అరుపుకి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

నాలుగో గేమ్ ఆబ్లివియన్ వార్త 2004లో వచ్చింది. 2005లో చూపించిన డెమో గురించి అన్నయ్య చదివి చెప్తుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. ఊళ్ళో ప్రతి మనిషికీ తన దినచర్య ఉంటుందట, తింటారట, పడుకుంటారట, పనికి పోతారట, వాళ్ళంతట వాళ్ళే నిర్ణయాలు తీసుకుంటారట. దానికి రేడియంట్ ఏఐ అని పేరు. ఆ ఏడు నవంబరులో రావాల్సిన గేమ్ 2006 మార్చికి జరిగింది. ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో వేరే మాట లేదు. సీక్వెల్ కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. రాని గేమ్‌ని రోజూ కొంచెం కొంచెం మనమే తయారుచేసుకుంటాం. అన్నయ్య ఆబ్లివియన్‌లో ఆ కథ జరిగే సిరొడీల్ ప్రాంతమంతా దట్టమైన అడవి. ఎందుకంటే ఆ సిరీస్ పాత రాతల్లో సామ్రాజ్యపు నడిబొడ్డున అడవులే ఉంటాయని ఉంది. నా ఆబ్లివియన్‌లో ప్రతి మనిషీ దారి చెప్తాడు, పైగా ఒక్కొక్కడూ తన యాసలో చెప్తాడు.

మా కంప్యూటర్ దాన్ని లాగలేకపోయింది. కంప్యూటర్‌ని మార్చేసరికి 2007 వచ్చింది. నేను కొత్త నోటుబుక్కు తెచ్చుకుని స్టూలు మీద కూర్చున్నాను.

చెరలోంచి, మురుగు సొరంగాల్లోంచి బయటపడతాం. ఎదురుగా నీళ్ళు, అవతల తెల్లరాతి శిథిలాలు, పైన అంతులేని ఆకాశం. పొగమంచు లేదు. ఇద్దరం మాట్లాడకుండా చూశాం. అంత అందమైన ప్రదేశాన్ని నేను అప్పటిదాకా కంప్యూటర్‌లో చూడలేదు, అది దాచుకోను. అప్పుడు అన్నయ్య కంపాస్ మీద మెరుస్తున్న చిన్న బాణం చూశాడు. ఎక్కడికి వెళ్ళాలో అది చూపిస్తోంది. మ్యాప్ తీస్తే పెద్ద ఊళ్ళ పేర్లన్నీ అప్పటికే వేసి ఉన్నాయి. నొక్కితే అక్కడ ఉంటాం.

"రాసుకోవడానికి ఏం లేదే" అన్నాడు.

నేను చాలాసేపు పెన్ను పట్టుకునే కూర్చున్నాను. ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని.

ఆబ్లివియన్‌ని నేను తక్కువ చెయ్యడం లేదు. చెయ్యను కూడా. తన బొమ్మలోనే చిక్కుకుపోయిన చిత్రకారుడిని వెతుక్కుంటూ మనం ఆ బొమ్మలోకి దూకే ఘట్టం ఉంటుంది, రంగులు పూసిన చెట్ల మధ్య నడుస్తాం. అలాంటిది మారోవిండ్‌లో లేదు. చీకటి సోదరులనే హంతకుల ముఠా పనుల్లో ఐదుగురు అతిథుల్ని ఒకే ఇంట్లో పెట్టి తాళం వేసే రాత్రి ఒకటి ఉంటుంది, దాన్ని నేను నాలుగుసార్లు ఆడాను. కానీ అన్నయ్య మనసు విరిగింది. వాడు ఎదురుచూసిన అడవి లేదు, చక్కటి పచ్చిక మైదానాలున్నాయి. గాల్లో తేలే మంత్రం తీసేశారు. మనం ఎంత బలపడితే దారిదోపిడీగాళ్ళు కూడా అంత బలపడి, చివరికి గాజు కవచాలు వేసుకుని వచ్చి నాలుగు కాసులు ఇమ్మని బెదిరిస్తారు. అంత ఖరీదైన కవచం అమ్ముకుంటే వాడు జీవితాంతం కూర్చుని తినొచ్చు కదా అని అన్నయ్య బాధ. ఒక చేతికి ఒక రకం గ్లౌజు, రెండో చేతికి ఇంకో రకం వేసుకునే వీలు కూడా పోయింది. వాడు దాని గురించి నెలరోజులు మాట్లాడాడు. రెండో గేమ్ డాగర్‌ఫాల్‌లో మన పాత్ర నేర్చుకునే విద్యలు ముప్పై అయిదు ఉండేవి, మారోవిండ్‌లో 27 అయ్యాయి, ఆబ్లివియన్‌లో 21, తర్వాత వచ్చిన ఐదో గేమ్ స్కైరిమ్‌లో 18. ఈ లెక్క వాడికి కంఠతా వచ్చు.

బాణం ఎందుకొచ్చిందో నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. మారోవిండ్‌లో మాటలు దాదాపు అన్నీ అక్షరాల్లోనే ఉంటాయి. నలుగురైదుగురు రచయితలు కూర్చుని ఒక పేజీ రాస్తే ఆ పేజీ పాత్ర నోట్లో పెట్టొచ్చు. ఆబ్లివియన్‌లో ప్రతి మాటకీ గొంతు ఇచ్చారు. చక్రవర్తికి నటుడు పాట్రిక్ స్టూవర్ట్, ఆయన కొడుకు మార్టిన్‌కి షాన్ బీన్. గొంతు వచ్చాక ప్రతి వాక్యమూ రికార్డు చెయ్యాలి, డిస్కులో పట్టాలి. ఏటి పక్కనుంచి వెళ్ళి, విరిగిన స్తంభం దగ్గర తిరుగు అని రికార్డు చేశాక ఆ స్తంభాన్ని లెవెల్ డిజైనర్ పక్కకి జరిపితే మళ్ళీ నటుడిని పిలవాలి. బాణానికి ఆ గొడవ లేదు, స్తంభం జరిగితే బాణమూ జరుగుతుంది. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. తెలిసినా, మనిషి గొంతు వచ్చిన రోజే మనిషి చెప్పే దారి పోయిందని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. మారోవిండ్‌లో కొన్నిచోట్ల పాత్రలు చెప్పే దారే తప్పు. తూర్పు అన్నచోట పడమర. పుస్తకంలో అలాంటివి కొన్నింటి పక్కన "వీడు అబద్ధాలకోరు" అని రాసి ఉంది. అవి రాసినవాళ్ళ పొరపాట్లే అయ్యుంటాయి. కానీ నాకు మాత్రం ఆ మనుషులు నిజంగా దారి సరిగ్గా తెలియని మనుషుల్లా అనిపించేవారు.

స్కైరిమ్ నాటికి అన్నయ్య ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. 2010 డిసెంబరులో వచ్చిన తొలి టీజర్‌ని ఫోన్లో మాట్లాడుకుంటూ ఇద్దరం ఒకేసారి నొక్కి చూశాం. రాతి గోడ మీద చెక్కిన బొమ్మలు, నటుడు మాక్స్ వాన్ సిడో గొంతు, జెరెమీ సోల్ కట్టిన బాణీని డ్రాగన్ల భాషలో పాడుతున్న బృందం. మారోవిండ్ మొదటి తెర మీద విన్న బాణీయే అది, గొంతులు తొడుక్కుని తిరిగొచ్చింది. అవతల ఫోన్లో అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి ఇస్తారే" అన్నాడు. ఏమిస్తారో అడగలేదు. నాకు తెలుసు.

2011 నవంబరు 11. స్కైరిమ్‌ని నేను ఎంత ఆడానో లెక్క చెప్పలేను. ఒకరిని ఒకరు చూడకుండా, రాత్రి ఫోన్ చేసుకుని, నువ్వు ఎటు వెళ్ళావు అంటే నువ్వు ఎటు వెళ్ళావు అనుకునేవాళ్ళం. రివర్‌వుడ్‌లో కొట్టుగల వాడి చెల్లెలు కెమిల్లా ఉంటుంది. కొట్టులో పోయిన బంగారు పంజా తెచ్చిపెడతామంటే, ఆ పిల్ల మనతో పాటు వీధి చివర వంతెన దాకా నడిచొచ్చి, అదిగో ఆ కొండ మీద కనిపించేదే బ్లీక్ ఫాల్స్ బారో, వంతెన దాటి కొండదారి పట్టుకుని పో అని చెప్తుంది. నేను కుర్చీలో ముందుకి జరిగాను. మళ్ళీ వంతెన! మళ్ళీ ఒక మనిషి! వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడూ అప్పుడే అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత నాకు స్కైరిమ్‌లో అలా దారి చెప్పినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే. మార్కర్, అంటే ఆ బాణం గుర్తు, ఆపేసి ఆడదామని చూశాను. కానీ డైరీలో ఫలానా చోటికి వెళ్ళు అని తప్ప ఆ చోటు ఏ దిక్కున ఉందో ఉండదు. ఆ గేమ్ బాణం ఉందన్న ధీమాతో రాసిన గేమ్. బాణం ఆపితే అభిమానులు కోరుకున్నది తిరిగిరాదు, గుడ్డితనం మాత్రమే మిగులుతుంది. 2012 ఫిబ్రవరిలో గేమ్‌ని మనమే మార్చుకునే క్రియేషన్ కిట్ అనే సాధనం ఇచ్చాక అభిమానులే కూర్చుని క్వెస్టుల, అంటే గేమ్‌లో అప్పజెప్పే పనుల, డైరీ మాటల్ని తిరగరాసి, దారి గుర్తులు చేర్చి మోడ్లుగా, అంటే ఎవరైనా తమ గేమ్‌లో కలుపుకోగల మార్పులుగా పెట్టారు. జీతం లేకుండా, రాత్రిళ్ళు మేలుకుని. వాళ్ళెవరో నాకు తెలియదు, వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

అందరూ సీక్వెల్ అంటే పెద్ద మ్యాప్ కావాలంటారు. నాకు దాని మీద ఎప్పుడూ ఆశ లేదు. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ పదిహేను వేలకి పైగా ఊళ్ళూ గుహలూ ఉన్నాయని చెప్పుకుంది. అందులో ఒక్క ఊరైనా సేడా నీన్ లాగా మనసులో ఉందని చెప్పేవాళ్ళు నాకు తగల్లేదు. ఇటీవల మారోవిండ్‌ని దూరం దాకా కనిపించేలా మార్చి ఆడితే పొగమంచు తొలగింది, అయ్యో, బాల్మోరా ఇంత దగ్గరా అనిపించింది. ఆ ద్వీపం చిన్నది. దాన్ని పెద్దది చేసింది మంచూ మాటలూ.

2018 జూన్‌లో, ఈ3 అనే గేముల ప్రదర్శన వేదిక మీద, ఈ సిరీస్ తీసే బెథెస్డా సంస్థ డైరెక్టర్ టాడ్ హోవర్డ్, వాళ్ళ కొత్త అంతరిక్ష గేమ్ స్టార్‌ఫీల్డ్ టీజర్ చూపించి, ఇంకొకటుందని చెప్పి ఆరోదాన్ని చూపించాడు. అర నిమిషం పైచిలుకు. కొండలు, పొగమంచు, సముద్రపు ఒడ్డు, పైన పేరు, వెనక ఆ పాత బాణీ ఛాయ. అన్నయ్యకి అప్పటికి పెళ్ళయి కొడుకు పుట్టాడు. పిల్లాడిని ఒళ్ళో వేసుకునే చూశాడట. నాకు ఒక్క మాటే పంపాడు: "మంచు ఉంది."

తర్వాత ఆ అర నిమిషాన్ని జనం ఫ్రేము ఫ్రేముగా ఆపి చూశారు. ఈ రాళ్ళ రంగు హామర్‌ఫెల్‌ది, కాదు ఈ ఒడ్డు హై రాక్‌ది అని, ఆ గేముల లోకంలోని ప్రాంతాల పేర్లు చెప్పి వాదించుకున్నారు. 2020 చివరి రోజున సిరీస్ అధికారిక ఖాతాలో కొవ్వొత్తులు పెట్టిన ఒక మ్యాప్ ఫొటో వస్తే, ఏ కొవ్వొత్తి ఎక్కడుందో కొలిచినవాళ్ళున్నారు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళంటే నాకు కోపం. ఎవరూ దారి చెప్పనప్పుడు మనిషి చేసేది అదే కదా, ఉన్న గుర్తులు పట్టుకుని వెతుక్కుంటాడు. ఈ సిరీసే మాకు అది నేర్పింది.

మారోవిండ్ తర్వాత ఆబ్లివియన్‌కి నాలుగేళ్ళు. ఆ తర్వాత స్కైరిమ్‌కి ఐదేళ్ళు దాటింది. స్కైరిమ్ తర్వాత ఇప్పటికి పద్నాలుగేళ్ళు పైబడింది. ఈలోగా స్కైరిమ్ మళ్ళీ మళ్ళీ వచ్చింది, 2016లో, 2017లో, 2021లో. 2023 నాటికి ఆరు కోట్ల కాపీలు దాటాయని హోవర్డే చెప్పాడు. ఆ సంఖ్య విన్నప్పుడు నాకు సంతోషంతో పాటు దిగులూ వేసింది. ఆరు కోట్ల మందీ బాణంతోనే ఆ ప్రపంచాన్ని చూశారు. వాళ్ళ జ్ఞాపకం కూడా నా జ్ఞాపకమంత నిజం. రేపు వాళ్ళకి తెలిసినట్టే గేమ్ చేస్తే తప్పు పట్టడానికి నేనెవరిని?

స్టార్‌ఫీల్డ్ 2023 సెప్టెంబరులో వచ్చాక అన్నయ్యకి భయం పట్టుకుంది. వెయ్యికి పైగా గ్రహాలు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడుచుకుంటూ పోతే మధ్యలో ఏదో తగలడం అనే సుఖం వాడికి అందులో దొరకలేదు. "ఆరోది కూడా ఇలాగే అయితే?" అన్నాడు. నాకు అంత భయం లేదు. 2018లోనే అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ అనే వేరే గేమ్, కావాలంటే మార్కర్ తీసేసి, ఫలానా ప్రాంతంలో ఫలానాదానికి దక్షిణంగా అని మాటల్లో గుర్తులు ఇచ్చే పద్ధతి పెట్టింది. అంత పెద్ద గేమ్‌లో, అన్ని మాటలకీ గొంతులిచ్చి కూడా చెయ్యగలిగారు. 2022లో ఎల్డెన్ రింగ్ వచ్చింది, అందులో క్వెస్టుల చిట్టాయే లేదు. కోట్లమంది కొనుక్కుని, దారి తప్పి, మురిసిపోయారు. జనానికి తప్పిపోవడం ఇష్టం లేదన్న మాట ఇక చెల్లదు.

అభిమానులు అడిగితే వాళ్ళు వినరని కూడా నేననను. షర్లీ కర్రీ అనే పెద్దావిడ స్కైరిమ్ ఆడుతూ వీడియోలు పెట్టేది, అందరూ అమ్మమ్మగా చూసుకున్నారు. ఆమెను ఆరో గేమ్‌లో ఒక పాత్రగా పెట్టమని అభిమానులు సంతకాలు సేకరిస్తే, 2019లో బెథెస్డా సరే అంది. కోరికల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఆవిడ పాత్ర ఏ ఊరి చివరో కూర్చుని ఉంటే, నేను వెళ్ళి దారి అడగాలి. ఆవిడ తన గొంతుతో చెప్పాలి.

నా కోరిక అదొక్కటే. అన్నయ్యకి గాల్లో తేలే మంత్రం కావాలి, మంత్రాలు మనమే తయారుచేసుకునే బల్ల తిరిగి కావాలి, రెండు చేతులకీ రెండు గ్లౌజులు కావాలి. వాడి జాబితా పొడుగు, అన్నీ న్యాయమైనవే. నాకు దారి చెప్పే మనుషులు కావాలి. బాణం ఉండనీ, కావాల్సినవాళ్ళు పెట్టుకుంటారు. కానీ బాణం ఆపినవాళ్ళు గుడ్డివాళ్ళు కాకుండా ఉండేలా రాయాలి.

మొన్న సెలవులకి మేనల్లుడు మా ఇంటికొచ్చాడు. ఎనిమిది దాటాయి వాడికి. వాళ్ళ నాన్నే ల్యాప్‌టాప్‌లో మారోవిండ్ పెట్టి పంపాడు, ఇప్పటి కంప్యూటర్లలో బాగా నడిచే ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ మీద. దూరంగా కనిపించే ఏర్పాటు కావాలనే తీసేశాడు, మంచు అలాగే ఉంచాడు. పిల్లాడు రెండు రోజులు పురుగు బండి ఎక్కి దిగి, ఆకాశంలోంచి పడ్డ మంత్రగాడిని చూసి గంతులు వేసి, మూడో రోజుకి బాల్మోరాలో ఆగిపోయాడు.

"అత్తా, ఎటు వెళ్ళాలో ఇందులో చూపించట్లేదు."

బీరువా తెరిచి పుస్తకం తీసి ఇచ్చాను. పేజీలు విడిపోయి ఉన్నాయి, జాగ్రత్త అన్నాను. వాడు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "ఊరికి దక్షిణంగా. ఓడై నది దాటాలి." మూడో వరుసలో వేలు ఆగింది.

"ఈ ఎర్రది నీ రాత కాదు."

"మీ నాన్నది."

"పాత వంతెన దాటాలి" అని చదివి, తెర మీద ఊరి వంతెన వైపు చూశాడు. కాదనుకున్నాడేమో, దాన్ని వదిలేసి ముందుకి నడిపించాడు. మంచులోకి. క్లిఫ్ రేసర్ ఒకటి అరిచింది. కాసేపటికి ఎండు లోయ అంచు, దాని మీద అడ్డంగా నల్లటి రాతి వంతెన కనిపించాయి. వాడు ఏమీ అనలేదు గానీ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"అత్తా, ఆరోది వస్తే అందులో కూడా ఇలా రాసుకోవాలా?"

ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. వాడు అప్పటికే వంతెన దాటి, తలుపు తెరుచుకోకపోతే, పుస్తకంలో తర్వాతి వరుస కోసం పేజీ తిప్పుతున్నాడు.